సైలెన్సర్ ఎవరి కోసం?

మన బీచ్ రోడ్డు మీద పోలీసులు పట్టుకున్న మోడిఫైడ్ సైలెన్సర్లని వరసగా పరిచి, వాటి మీదుగా రోడ్డు రోలర్ నడిపించిన వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. హాస్టల్ గ్రూపుల్లో ఆ వీడియో వచ్చినప్పుడల్లా రెండు రకాల ఎమోజీలు పడతాయి. సగం మంది ఏడుస్తారు, సగం మంది చప్పట్లు కొడతారు. ఏడ్చేవాళ్ళ బాధ నాకు తెలుసు. ఒక్కో ఇందోరీ సైలెన్సర్ వెనక ఎన్ని నెలల పాకెట్ మనీ ఉంటుందో మనకి తెలియనిది కాదు. చప్పట్లు కొట్టేవాళ్ళ బాధా తెలుసు. సెమిస్టర్ పరీక్ష ముందు రాత్రి గేటు బయట ఒక బుల్లెట్ "డబ్ డబ్ డబ్ ఫట్" మని వెళ్ళిందంటే, అప్పటిదాకా చదివింది దాంతోపాటే వెళ్ళిపోతుంది.

ఈ గొడవలో ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. సైలెన్సర్ మారిస్తే బయట పెరిగే మోత వేరు, కారు లోపల పుట్టే రొద వేరు. ఒకటి తగ్గిందని రెండోది తగ్గదు. ఒకటి విన్నవాడికి రెండోది వినపడాలని కూడా లేదు. ఆ తేడా మా ఇంట్లో తెలిసిన విధం చెప్తాను.

మా పెద్దమ్మగారి అబ్బాయి, నేను అన్నయ్య అంటాను, సెకండ్ హ్యాండులో ఒక పోలో జీటీ టీఎస్ఐ కొన్నాడు. స్పోర్ట్స్ కారు అంటే పోర్షే అనుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. కానీ 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 పీఎస్ పవరు, ఏడు గేర్ల డీఎస్‌జీ. ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఆటోల మధ్య బతికే మాకు అదే స్పోర్ట్స్ కారు. అన్నయ్యకి దాంతో ఒక్కటే పేచీ. "పరిగెడతాది గానీ నోరు లేదురా దీనికి" అనేవాడు. నిజమే. టర్బో ఉన్న ఇంజన్లలో పొగ ముందు టర్బైన్ చక్రాన్ని తిప్పి వెళ్ళాలి. ఆ దెబ్బకే సగం గొంతు పోతుంది. మిగతాది కంపెనీ పెట్టిన డబ్బాలు మింగేస్తాయి.

ఆటోనగర్‌లో ఒక షాపులో వెనక భాగం మొత్తం మార్పించాడు. పొగలో విషాన్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ని కదపలేదు. దాని తర్వాతి పైపులు, మధ్యలో ఉండే రెజొనేటర్, చివరి డబ్బా, ఇవన్నీ తీసేసి ఎస్‌ఎస్ పైపు, స్ట్రెయిట్-త్రూ సైలెన్సర్ పెట్టించాడు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అబద్ధం ఎందుకు, ఒళ్ళు జలదరించింది. గొంతు కింద నుంచి వచ్చిన గంభీరమైన సౌండు. ఫ్లైఓవర్ కింద నుంచి వెళ్తుంటే గోడలకి తగిలి తిరిగొచ్చేది. పవరు ఏమైనా పెరిగిందా అంటే, టర్బో కారుకి చివరి డబ్బా ఒక్కటి మారిస్తే పెరిగేది చాలా తక్కువ. కొన్నది సౌండే. అన్నయ్య కూడా అదే చెప్పేవాడు, దాపరికం లేదు.

ఆ నెలలోనే అన్నవరంలో వ్రతం పెట్టుకున్నాం. అన్నయ్య నడుపుతున్నాడు, నేను పక్కన, అమ్మా నాన్నా వెనక. ఇక్కడ మా నాన్న గురించి కొంచెం చెప్పాలి. ఆయన ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఇరవై ఏళ్ళ పైన ఫిట్టర్‌గా చేశారు. గ్రైండింగు, సమ్మెట దెబ్బలు, రేకుల షెడ్డు. చెవుల్లో దూది తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆయనకి కొంచెం చెవుడు. ఈఎన్‌టీ డాక్టరు గ్రాఫు చూపించారు. గీత తిన్నగా వెళ్ళి, 4,000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడ్డట్టు కిందకి దిగిపోయింది. మోతలో పనిచేసినవాళ్ళందరికీ ముందు దెబ్బ తగిలేది అక్కడేనట. ఆయన పనిచేసిన రోజుల్లో మన ఫ్యాక్టరీల చట్టం కింద ఎనిమిది గంటల షిఫ్టుకి 90 డెసిబెల్స్ అని హద్దు ఉండేది. రేకుల షెడ్డులో గ్రైండింగ్ మిషను ఆ హద్దుని తేలిగ్గా దాటేస్తుంది.

అలాంటి చెవులకి మాటలు వినపడవని కాదు. వినపడతాయి, తేలవు. అచ్చులు బరువైన శబ్దాలు, కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి. స, చ, త, క లాంటి హల్లుల్ని పోల్చుకునే గుర్తులు చాలావరకు పైన ఉంటాయి. అంటే "పాలు", "కాలు", "చాలు" మూడూ నాన్నకి ఇంచుమించు "ఆలు" లాగే వినిపిస్తాయి. ఏది అన్నామో ఆయన మన పెదాలు చూసి, సందర్భం చూసి పట్టుకుంటారు. ఇంట్లో ఎప్పుడూ ఇబ్బంది లేదు.

ఇంకో సంగతి. నాన్న ప్రయాణంలో మాట్లాడే మనిషి. బస్సయినా రైలయినా, కిటికీలో కనిపించే ప్రతి షెడ్డుకీ ఆయన దగ్గర కథ ఉంటుంది. "ఈ గోడౌను ట్రస్సులు మేమే ఎక్కించేం, క్రేను రాకపోతే చైన్ బ్లాకు మీద లాగేం" లాంటివి. వైజాగ్ నుంచి అన్నవరం సుమారు 120 కిలోమీటర్లు. ఆ దారంతా నాన్నకి తెలిసిన ఇనుమే.

అనకాపల్లి దాకా బానే ఉంది. హైవే మీద స్పీడు నిలకడగా పట్టాక కారులో ఒక గుంయ్‌మనే రొద మొదలైంది. గట్టిగా కాదు. చెవి కన్నా ఛాతీకి ఎక్కువ తెలిసేలాంటిది. ఎలమంచిలి దగ్గర అమ్మ "కాలు నొప్పిగా ఉందా?" అని అడిగింది. నాన్న "చాలు, ఇంక తినను" అన్నారు. జంతికలు పెడతానందనుకున్నారు. అందరం నవ్వేం, ఆయనా నవ్వేరు. తర్వాత ఇంకేదో అడిగారు. అన్నయ్య "ఏంటి బాబాయ్?" అన్నాడు. ఆయన మళ్ళీ చెప్పారు, అన్నయ్య మళ్ళీ "ఏంటి?" అన్నాడు. "ఏటీ లేదులే" అన్నారు. నక్కపల్లి దాటాక నాన్న కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. తుని ముందు టీ కోసం ఆగి ఇంజను ఆపగానే ఆయన మాట మొదలుపెట్టారు. ఎలమంచిలి దగ్గర ఆపేసిన వాక్యం అది. అంతసేపూ లోపలే పెట్టుకుని కూర్చున్నారు.

నాకు అక్కడ గుచ్చుకుంది. సౌండు మాకు బాగుంది. కానీ అది నాన్న మాటని మింగేసింది.

ఇంగ్లీషులో దీన్ని డ్రోన్ అంటారు. తెలుగులో ఏమనాలో నాకు చాలాసేపు తోచలేదు. "హోరు" సముద్రానిది, ఆర్కే బీచ్‌లో నిలబడితే తెలుస్తుంది, అది ఎగిసిపడుతూ ఉంటుంది. "మోత" డప్పుది, హారన్‌ది. నాన్నని అడిగితే "రొద" అన్నారు. ఒకే తీరుగా, ఆగకుండా, విసిగించేది రొద. సరిగ్గా సరిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఫోన్లో రికార్డు చేశాను. రాత్రి రూముకొచ్చి పైథాన్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ వేశాను. సెకండియర్‌లో మార్కుల కోసం నేర్చుకున్న ఫోరియర్‌తో ఇంటి పని చేయడం అదే మొదటిసారి. 80 హెర్ట్జ్ దగ్గర తాటిచెట్టులాగా ఒక్క పీకు, చుట్టూ మిగతావన్నీ గడ్డి. ఆ 80 ఎక్కడిదో కాగితం మీదే తేలిపోయింది. నాలుగు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ ఇంజనులో క్రాంకు ఒక చుట్టు తిరిగితే రెండు పేలుళ్ళు. రొద వచ్చినప్పుడల్లా మీటర్లో ముల్లు 2,400 ఆర్‌పీఎం దగ్గర ఉంది. అంటే సెకనుకి 40 చుట్లు, 80 పేలుళ్ళు. 1,800 దగ్గర గానీ 3,000 దగ్గర గానీ ఇంత బాధ లేదు.

మరి 80కే ఎందుకంత పగ? గాలిలో శబ్దం వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. 80తో భాగిస్తే తరంగం పొడవు 4.3 మీటర్లు, అందులో సగం 2.15. టేపు పట్టుకెళ్ళి కారులో ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా కొలిస్తే రెండు మీటర్లకి కాస్త పైన వచ్చింది. మూసిన పెట్టెలో దాని పొడవుకి సరిగ్గా సగం తరంగం ఇమిడితే ఆ శబ్దం లోపలే ఊగుతూ పెరుగుతుంది. బాత్రూములో పాడితే ఒక స్వరం దగ్గర గొంతు హఠాత్తుగా గొప్పగా వినపడుతుంది చూడండి, అదే సంగతి. కారే బాత్రూమైపోయింది.

ఇక్కడే నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఉంది. ఇలా ఊగే తరంగంలో ఒత్తిడి రెండు చివర్లా ఎక్కువ, మధ్యలో దాదాపు శూన్యం. డ్రైవరు తల ఉండేది ఇంచుమించు మధ్యలో. వెనక సీట్లో తలలు ఉండేది వెనక అద్దానికి దగ్గర, ఒత్తిడి ఎక్కువున్న చోట. అందుకే అన్నయ్య "నాకేం అనిపించట్లేదురా, మీరు మరీనూ" అనేవాడు. ఆయన అబద్ధమాడట్లేదు. ఆయన కూర్చున్న చోట నిజంగానే తక్కువ. ఒక ఆదివారం నేను నడిపి ఆయన్ని వెనక కూర్చోబెట్టాను. రెండు కిలోమీటర్లకే "ఆపరా బాబూ, తల దిమ్మెక్కిపోతంది" అన్నాడు.

"డెసిబెల్ యాప్‌లో పెద్ద తేడా లేదు కదా" అని ఫ్రెండ్స్ అడిగారు. లేదు, మూడు నాలుగే చూపించింది. కారణం యాప్ వాడే కొలత. మామూలుగా మనం చూసే డెసిబెల్స్ ఎ-వెయిటెడ్. మెల్లగా ఉన్న శబ్దాల్లో మన చెవి బరువైనవాటిని తక్కువగా పట్టుకుంటుందని, ఈ కొలత 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్, 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ తీసేసి లెక్కేస్తుంది. అంటే మన రొదని ముందే కోసేసి, మిగిలింది చూపించి, పర్లేదంటోంది. పైగా బరువైన శబ్దం తనకంటే పైనున్న శబ్దాల్ని కప్పేస్తుంది. పైవి కిందవాటిని అంతగా కప్పలేవు. నాన్నకి పై ఫ్రీక్వెన్సీలు ముందే పోయాయి. మిగిలిన కింది సగం మీద ఈ రొద దుప్పటి కప్పింది. ఇంకేం వినపడుతుంది?

స్ట్రెయిట్-త్రూ సైలెన్సర్‌తో ఇది మామూలేనట. దాని లోపల చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ వూల్ ఉంటాయి. సన్నటి శబ్దాల్ని వూల్ బాగా పీల్చేస్తుంది. నాలుగు మీటర్ల తరంగానికి ఆ నాలుగు వేళ్ళ వూల్ ఒక లెక్క కాదు. కంపెనీ డబ్బాల్లో గదులు, అడ్డుగోడలు పెట్టి, శబ్దాన్ని శబ్దానికే ఎదురు తిప్పి చంపేది ఇలాంటి బరువైనవాటి కోసమే. పైకి వికారంగా కనిపించే ఆ డబ్బా లోపల అంత పని ఉంది.

మందు కూడా అదే సూత్రంలో దొరికింది. మెయిన్ పైపు పక్కన చివర మూసేసిన గొట్టం ఒకటి అతికిస్తారు. అది జె అక్షరంలా వంగి ఉంటుంది కాబట్టి జె-పైపు అంటారు. శబ్దం అందులోకి వెళ్ళి, మూసిన చివరికి తగిలి వెనక్కి వస్తుంది. పొడవు సరిగ్గా పావు తరంగం ఉంటే, తిరిగొచ్చేసరికి సగం తరంగం ఆలస్యమవుతుంది. అంటే ఇక్కడ గట్టు ఉన్నప్పుడు అక్కడ గుంత. రెండూ కలిస్తే చదును. లెక్క తేలికే గానీ ఒక మెలిక ఉంది. పైపులో ఉన్నది గది గాలి కాదు, వేడి పొగ. వేడిలో శబ్దం వేగం పెరుగుతుంది. వెనక భాగంలో 200 డిగ్రీలు అనుకుంటే సెకనుకి సుమారు 436 మీటర్లు. దాన్ని 80తో, మళ్ళీ నాలుగుతో భాగిస్తే 1.36 మీటర్లు. గది గాలి లెక్క వేసుంటే 1.07 వచ్చేది. అడుగు తేడా.

ఆటోనగర్‌లో ర్యాంపు కింద నిలబడి ఈ కాగితం చూపిస్తే మెకానిక్ అన్న నవ్వాడు. "మూసేసిన పైపు పెట్టి ఏటి సేద్దారని తమ్ముడూ, పొగ ఎటు పోతాది?" అన్నాడు. పొగ అటు పోనక్కర్లేదు, సౌండు పోయొస్తే చాలని చెప్పాను. ఖాళీ కూల్‌డ్రింకు సీసా నోట్లో ఊది చూపించాక ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన అనుభవం నా లెక్కని దాటిపోయింది. "నీ లెక్క ఎంతన్నా రానీ, ముందు పొడుగు పెడదాం. కొయ్యగలం గానీ అతికిస్తే అతుకే" అని పైపు కాస్త పొడుగ్గా వంచి, చివర మూతకి టాకు మాత్రం వేసి, నడిపి చూసి, రెండుసార్లు కోసి, అప్పుడు ఆర్గాన్ వెల్డింగ్ చేశాడు.

ఎఫ్‌ఎఫ్‌టీలో తాటిచెట్టు పొదలోకి కలిసిపోయింది. ఆ రాత్రి అందరం భోజనానికి భీమిలి వైపు వెళ్ళి, పదకొండింటికి గాజువాకలో మా వీధిలోకి తిరిగొచ్చాం. దారంతా నాన్న మాట్లాడుతూనే ఉన్నారు. అన్నయ్య ముఖం వెలిగిపోయింది, నాదీ అంతే. కారు దిగుతూ "ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు. నాన్న డోరు వేసి, "లోపల సుఖంగా ఉందిరా. మరి ఈ వీధిలోవోళ్ళకి ఏ పైపు పెట్టేవు?" అన్నారు.

మేమిద్దరం ఏమీ అనలేదు. నాన్న కోపంగా అనలేదు కూడా. వినపడని చెవులు గల మనిషికి గుర్తొచ్చింది, చెవులున్న మాకు రాలేదు. అంతే.

మర్నాడు రాత్రి నేను వీధి చివర నిలబడి అన్నయ్యని ఒకసారి వచ్చి వెళ్ళమన్నాను. జె-పైపు ఆ ఒక్క 80 హెర్ట్జ్‌ని తగ్గించింది. గేరు మారేటప్పుడు వచ్చే ఆ "బ్రాప్", కోల్డ్ స్టార్ట్ గర్జన అన్నీ అలాగే ఉన్నాయి. ఎదురింటి కిటికీ రెక్క సన్నగా అదిరింది. లోపల కూర్చున్నవాడికి మాత్రం ఇప్పుడు ముందుకన్నా ప్రశాంతం. మేం చేసిన ఇంజనీరింగ్ అంతా మా నలుగురి చెవుల కోసమే.

మన దేశంలో ఇళ్ళున్న ప్రాంతాలకి శబ్దం హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. ఆస్పత్రి చుట్టూ 100 మీటర్ల దాకా ఇంకా తక్కువ, పగలు 50, రాత్రి 40. ఇవి 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఓనరు చేసే అక్రమ మార్పుకి ఒక్కోదానికి 5,000, శబ్దం హద్దు దాటితే 10,000 దాకా జరిమానా, రెంటికీ జైలు కూడా పడొచ్చు. ఇవన్నీ అన్నయ్యకి తెలుసు. మనందరికీ తెలుసు. చలానా భయంతో ఎవరూ మారరు. ఆ రాత్రి పోలీసు లేడు, నాన్న ఒక్కరే ఉన్నారు.

చదువుతుంటే ఒక సంగతి తగిలింది. హైరమ్ మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టినవాడు. ఏళ్ళ తరబడి ఆ మోత విని ఆయనకి చెవుడొచ్చింది. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ తుపాకీకి సైలెన్సర్ చేసి 1909లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఇంజన్ల మోత తగ్గించే పనిలోకి దిగాడు. తండ్రి చెవులు చూసే కొడుకు ఆ పని చేశాడని ఎవరూ రాయలేదు, నేనూ అనను. కానీ ఆ రెండు వాక్యాలు పక్కపక్కన చదివినప్పుడు నాకు మా నాన్న గ్రాఫులో గుంత కళ్ళ ముందుకొచ్చింది.

అన్నయ్య వెంటనే ఏమీ చేయలేదు. రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ రాత్రిపూట వీధి మొదట్లోంచి యాక్సిలరేటర్ తొక్కకుండా దొర్లించుకుంటూ వచ్చేవాడు. చివరికి "దొంగలాగా ఇంటికి రావడం నావల్ల కాదు" అని కంపెనీ డబ్బా మళ్ళీ బిగించేశాడు. ఆ ఎస్‌ఎస్ సెట్టు, దానికి అతికించిన మా జె-పైపుతో సహా, వాళ్ళ ఇంట్లో అటక మీద ఉంది. అమ్మితే సగం ధర కూడా రాదు. అప్పుడప్పుడు దించి తుడుస్తాడు. ఆ సౌండు ఆయనకి ఇప్పటికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. ఆ ఇష్టంలో తప్పేమీ లేదు. ఎక్కడ, ఎవరి మీద నుంచి వినిపిస్తున్నామన్నదే లెక్క.

కాబట్టి మోడిఫై చేద్దామనుకుంటున్న మిత్రులకి డబ్బు ఖర్చు లేని రెండు టెస్టులు చెప్పి ముగిస్తాను. ఒకటి, మీ కారు ఇంకొకరికిచ్చి మీరు వెనక సీట్లో కూర్చుని, పక్కవాళ్ళతో మెల్లగా "పాలు, కాలు, చాలు" అనిపించుకోండి. ఏది ఏదో తేలాలి. రెండు, రాత్రి పదకొండింటికి మీ ఇంటి కాంపౌండు గోడ అవతల నిలబడి, అదే కారుని ఎదురుగా రమ్మనండి. స్టీరింగు వెనక కూర్చుని మాత్రం తీర్పు చెప్పకండి. కారు మొత్తంలో ఆ రొద అన్నిటికన్నా తక్కువ వినపడేది ఆ సీటు దగ్గరే.